ఆరువందల అడుగుల నవ్వు: పాత కార్టూన్ల వెనక ఫ్రేముల లెక్క

పాత హాలీవుడ్ కార్టూన్లు ఇప్పటికీ ఎందుకు నవ్విస్తాయని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు ఒకటుంది: అవన్నీ చేత్తో గీసినవి కదా! ఈ జవాబుతో చిక్కేమిటంటే, ఆ కాలంలో వచ్చిన నాసిరకం కార్టూన్లూ చేత్తో గీసినవే. 1960ల్లో టీవీ కోసం హడావుడిగా చుట్టబెట్టినవీ చేత్తో గీసినవే. టామ్ అండ్ జెర్రీనో, బగ్స్ బన్నీనో వాటి నుంచి వేరుగా నిలబెట్టింది బొమ్మకు ముందు జరిగిన లెక్క. ఏ కదలిక తెర మీద ఎన్ని ఫ్రేములు (ఫిల్ము మీది ఒక్కో నిశ్చల చిత్రం ఒక ఫ్రేము) ఉండాలో యానిమేటర్ పెన్సిల్ పట్టకముందే దర్శకుడు కాగితం మీద రాసిపెట్టేవాడు. అంత ఓపిగ్గా లెక్కలు వేసుకునే వెసులుబాటు అతనికి ఇచ్చింది ఆనాటి సినిమా హాళ్ల వ్యాపారం. వ్యాపారం చెడ్డాక లెక్క కూడా నిలవలేదు.

ముందు కొలతలు చూద్దాం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సౌండ్ వచ్చాక సెకనుకు 24 ఫ్రేములు స్థిరపడ్డాయి. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. ఏడు నిమిషాల కార్టూన్ 630 అడుగులు, 10,080 ఫ్రేములు. స్టూడియోలో ఎవరూ సెకన్లలో మాట్లాడేవారు కాదు. సీను పొడవైనా, యానిమేటర్ వారం పనైనా అడుగుల్లోనే కొలిచేవారు. వార్నర్ బ్రదర్స్‌లో దర్శకుడు చక్ జోన్స్ యూనిట్ ఏడాదికి పది కార్టూన్ల దాకా ఇవ్వాల్సి వచ్చేది, అంటే ఒక్కోదానికి అయిదు వారాలు. నిడివి ఆరు నిమిషాలకు, 540 అడుగులకు, కాస్త అటూ ఇటూగా ఉండాలి. మామూలు సినిమాలా ఎక్కువ తీసి, ఎడిటింగ్ బల్ల మీద కోసుకునే వీలు లేదు. గీసి, ఇంకు వేసి, రంగు నింపి, కెమెరా కిందికి పంపిన ప్రతి అడుగుకూ డబ్బు ఖర్చయిపోయింది కాబట్టి ఎడిటింగ్ అంతా గీయకముందే, దర్శకుడి బుర్రలోనే జరిగిపోవాలి.

సంగీతం ఇచ్చిన కొలబద్ద

ఈ ముందస్తు లెక్కకు అసలు కారణం సౌండు. 1928 నవంబరు 18న న్యూయార్క్ కాలనీ థియేటర్లో విడుదలైన 'స్టీమ్‌బోట్ విల్లీ'కి ముందూ శబ్దంతో కార్టూన్లు వచ్చాయి. కానీ బొమ్మకూ శబ్దానికీ ఇంత గట్టి ముడి వాటిలో లేదు. డిస్నీ బృందం మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టుకుని, ఒక్కో తాళానికి ఎన్ని ఫ్రేములో ముందే తేల్చుకుని బొమ్మలు గీసింది. అంత చేసినా మొదటి విడత రికార్డింగ్ కుదరలేదు. బొమ్మ పరుగును వాద్యబృందం అందుకోలేకపోయింది. రెండో విడతలో తాళం ఎక్కడ పడాలో కనిపించేలా ఫిల్ము మీదే ఎగిరే గుర్తు ఒకటి వేసి, దాన్ని చూస్తూ కండక్టర్ నడిపించేలా చేశారు. అప్పుడు కుదిరింది.

తరవాత ఇదే క్లిక్ ట్రాక్‌గా మారింది. ఫిల్ము సౌండ్ భాగంలో లెక్క ప్రకారం చిల్లులు పొడిస్తే టక్ టక్‌మని వినిపిస్తుంది. వాద్యకారులు దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ వాయిస్తారు. లెక్క చాలా తేలిక. నిమిషానికి 1,440 ఫ్రేములు. దాన్ని ఒక తాళానికి పట్టే ఫ్రేములతో భాగిస్తే వేగం వస్తుంది. తాళానికి 12 ఫ్రేములైతే నిమిషానికి 120 తాళాలు, అంటే చురుకైన కవాతు నడక. 10 అయితే 144. 8 అయితే 180, అది వెంటపడి తరిమే వేగం. దర్శకుడు సీను రాసుకునేటప్పుడే 'ఇది ఎనిమిదిలో' అని నిర్ణయిస్తే పాత్ర అడుగు ప్రతి ఎనిమిదో ఫ్రేములో నేలను తాకుతుంది. కొన్ని వారాల తరవాత వాయించే డోలు దెబ్బ కూడా అక్కడే పడుతుంది.

వార్నర్‌లో దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్ తన కథనాన్ని సంగీతం రాసే గళ్ల కాగితం లాంటి బార్ షీట్ల మీదే పరిచేవాడు. వాటిని చూసి కార్ల్ స్టాలింగ్ బాణీ కట్టేవాడు. ఎం.జి.ఎం.లో టామ్ అండ్ జెర్రీకి విలియం హానా, జోసెఫ్ బార్బెరా పని పంచుకున్నారు. కథా, ముఖ్యమైన భంగిమల స్కెచ్‌లూ బార్బెరావి, టైమింగ్ హానాది. టామ్ దెబ్బ తిన్నప్పుడు పెట్టే ఆ గావుకేక కూడా హానా గొంతే. మాటలు దాదాపు లేని ఆ కార్టూన్లలో మాటల పని చేసింది స్కాట్ బ్రాడ్లీ సంగీతం.

బార్ షీటులోని లెక్క ఎక్స్‌పోజర్ షీటులోకి దిగుతుంది. యానిమేటర్‌కూ కెమెరామన్‌కూ ఇదే ఆజ్ఞాపత్రం. నిలువుగా ఒక్కో గీతకు ఒక్కో ఫ్రేము. అడ్డంగా చూస్తే మొదట ఏం జరగాలి, తరవాత డైలాగు ఉంటే దాని ఉచ్చారణ అక్షరం అక్షరంగా ఏ ఫ్రేములో ఏది, ఆ తరవాత ఒకదాని మీద ఒకటి పేర్చే సెల్‌లకు (బొమ్మ గీసే పారదర్శకమైన షీట్లకు) ఒక్కో గడి, చివర కెమెరా కదలిక. డైలాగు ముందే రికార్డు చేసి, ఫిల్మును కొద్దికొద్దిగా జరుపుతూ విని, ఏ అక్షరం ఎక్కడ పడిందో గుర్తించి రాసేవారు. 'ప', 'బ', 'మ' లాంటి పెదవులు మూసే అక్షరాల దగ్గర నోరు కనీసం రెండు ఫ్రేములు మూసి ఉండాలి. ఒక్క ఫ్రేమే మూస్తే కంటికి ఆనదు, మాట వెనకబడ్డట్టు అనిపిస్తుంది.

పడిపోవడానికి పట్టే కాలం

ఇంత కచ్చితత్వం ఎందుకంటే హాస్యం రెండు మూడు ఫ్రేముల తేడాలో తేలిపోతుంది. కార్టూన్ దర్శకుడు టెక్స్ ఏవరీ చెప్పిన ప్రకారం ఒక చర్యను కన్ను పట్టుకోవడానికి అయిదు ఫ్రేములు చాలు. నెత్తిన ఏదైనా పడాలంటే అది తెర పైఅంచులోంచి ఊడిపడి అయిదారు ఫ్రేముల్లో తగలాలి. రెండు మూడు ఫ్రేములే ఇస్తే ఏం పడిందో ప్రేక్షకుడికి తెలియదు. పన్నెండు ఇస్తే వాడు ముందే పసిగట్టి మనకన్నా ముందు అక్కడికి చేరిపోతాడు. ఏవరీ సినిమాల్లో దెబ్బలు అంత నిర్దాక్షిణ్యంగా ఉండటానికి ఈ కొలతే కారణం. అదే గీతలతో, అదే పాత్రలతో పది ఫ్రేములు వదులుగా తీసి చూడండి, చప్పబడుతుంది.

రోడ్ రన్నర్ కార్టూన్లలో ఆ పక్షిని తరిమే కయోటీ (తోడేలు జాతి జంతువు) లోయలో పడే షాట్‌కి చక్ జోన్స్ లెక్క ఇంకో రకం. పైనుంచి చూస్తుంటే వాడు చిన్న చుక్కై మాయమవడానికి 18 ఫ్రేములు. ఆ తరవాత తెర మీద ఏమీ లేకుండా 14 ఫ్రేములు. అప్పుడు అడుగున చిన్న ధూళిమేఘం. మొత్తం 32 ఫ్రేములు, సెకనూ మూడో వంతు. నిజమైన లోయ అంత లోతుంటే పడటానికి అంతకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. భౌతికశాస్త్రంతో ఇక్కడ పనిలేదు. ఆ 14 ఖాళీ ఫ్రేముల్లో ప్రేక్షకుడు దెబ్బ కోసం ఎదురు చూస్తాడు. ఆ ఎదురుచూపు సరిగ్గా పండిన చోట ధూళి లేస్తుంది. నా దృష్టిలో ఆ మొత్తం షాట్‌లో కష్టమైన పని ఆ ఏమీ లేని 14 ఫ్రేములే.

ఇక గీయడం. 24 ఫ్రేములకు 24 బొమ్మలు అక్కర్లేదు. చాలా కదలికలకు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల చొప్పున తీస్తే సరిపోతుంది, అంటే సెకనుకు 12 బొమ్మలు. దీన్ని 'టూస్' అంటారు. మరీ వేగమైన కదలికకు ఫ్రేముకో బొమ్మ, అది 'వన్స్'. డబ్బు ఆదా అవుతుందని ప్రతిచోటా టూస్ వాడితే ఒకచోట దొరికిపోతారు. కెమెరా కింద నేపథ్యం పక్కకు జరుగుతూ, పాత్ర నడుస్తున్నప్పుడు నేపథ్యం ప్రతి ఫ్రేముకూ కదులుతుంది, పాదం మాత్రం రెండు ఫ్రేములకోసారి కదులుతుంది. ఫలితంగా నేల మీద ఆనిన కాలు వెనక్కీ ముందుకీ జారుతున్నట్టు అదురుతుంది. అలాంటి షాట్లను వన్స్‌లో గీయక తప్పదు.

యానిమేటర్ కీలకమైన భంగిమలు గీసి, మార్జిన్‌లో చిన్న నిచ్చెన లాంటి చార్టు వేస్తాడు. మధ్య బొమ్మలు ఎన్ని, ఏ భంగిమకు దగ్గరగా ఎన్ని గుమికూడాలి అన్నది ఆ మెట్లు చెబుతాయి. మెట్లు దగ్గరైతే కదలిక నెమ్మది, దూరమైతే వేగం. మధ్య బొమ్మలు వేసే సహాయకుడు కొత్తవాడైతే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకేచోట జరుగుతుంది. రెండు భంగిమలకూ సరిగ్గా నడుమ, సరళరేఖ మీద బొమ్మ వేసేస్తాడు. ఊగే చెయ్యి అలా వేస్తే మధ్యలో పొట్టిదైపోతుంది, ఎందుకంటే చెయ్యి భుజం చుట్టూ వంపులో తిరగాలి. తల ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగేటప్పుడు మధ్యలో కాస్త కిందికి దిగి లేవాలి. లేకపోతే కళ్లూ ముక్కూ ముఖం మీద జారిపోయినట్టు కనిపిస్తాయి.

మరీ వేగమైన చోట మధ్య బొమ్మలే ఉండవు. రెండు భంగిమల నడుమ సాగదీసిన రంగుముద్ద ఒకటి, ఒకట్రెండు ఫ్రేములు. చక్ జోన్స్ 1942లో తీసిన 'ది డోవర్ బాయ్స్'లో ఈ స్మియర్ బొమ్మలు విచ్చలవిడిగా కనిపిస్తాయి. ఆపి చూస్తే వికారంగా ఉంటాయి. ఆపి చూడటానికి గీసినవి కావు.

పారదర్శకమైన షీట్లు, పారదర్శకం కాని శ్రమ

1914లో కార్టూనిస్టు విన్సర్ మెకే 'గెర్టీ' అనే డైనోసార్‌ని ఆడించినప్పుడు ప్రతి బొమ్మలోనూ వెనకున్న కొండల్నీ రాళ్లనీ కూడా మళ్లీ మళ్లీ గీయాల్సి వచ్చింది. అదే ఏడాది ఎర్ల్ హర్డ్ పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. నేపథ్యం ఒక్కసారి వేసి, కదిలే పాత్రను మాత్రం సెల్ మీద గీసి పైన పరిస్తే చాలు. హర్డ్, జాన్ బ్రే కలిసి ఆ పేటెంట్లకు మిగతా స్టూడియోల దగ్గర లైసెన్సు రుసుము వసూలు చేశారు. కాగితాలూ సెల్‌లూ ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చోవడానికి అంచున రంధ్రాలు, వాటిలో దిగే కొయ్యముక్కల్లాంటి పెగ్గులు. రంధ్రం అరిగితే బొమ్మ తెర మీద వణుకుతుంది.

గీత సెల్ ముందు వైపు, రంగు వెనక వైపు. ఎందుకంటే ముందునుంచి చూసేటప్పుడు గీత రంగుకు పైన ఉంటుంది, కుంచె గీత మందంలోకి కొంచెం చొరబడినా కనబడదు. చేతికి నూలు గ్లౌజులు. వేలిముద్ర పడితే లైటు కింద మెరుస్తుంది. ఈ విభాగంలో పనిచేసినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే, తెర మీద వాళ్ల పేర్లు లేవు. పేర్ల విషయంలో మగవాళ్లకూ పూర్తి న్యాయం జరగలేదు. 1940ల మధ్య వరకు వార్నర్ కార్టూన్లలో ఒకరిద్దరు యానిమేటర్ల పేర్లే వంతులవారీగా వేసేవారు. అందుకే ఏ సీను ఎవరు గీశారన్నది ఇప్పటికీ గీత తీరుని బట్టి పోల్చుకుంటున్నారు.

సెల్ పారదర్శకమే అయినా గాలి కాదు. ప్రతి పొరా కిందున్న రంగును ఒక పిసరు మందగింపజేస్తుంది. నాలుగు పొరలు పేరిస్తే అట్టడుగు పాత్ర తెల్లచొక్కా మాసినట్టుంటుంది. ఇందుకు రెండు జాగ్రత్తలు. ఒకటి, అడుగు పొరలో ఉండే పాత్రకు అదే రంగును కొంచెం లేతగా కలపడం. అదే పాత్ర పై పొరలోకి మారితే రంగు సీసా కూడా మారాలి. రెండోది, సీను మొదలైనప్పుడు నాలుగు పొరలుంటే చివరిదాకా నాలుగే ఉండాలి. ఒక పాత్ర తెర మీద నుంచి వెళ్లిపోతే దాని స్థానంలో ఖాళీ సెల్ పెట్టాలి. మరచిపోతే ఆ ఫ్రేము నుంచి నేపథ్యం ఉన్నట్టుండి వెలుగెక్కుతుంది. తక్కువ ఖర్చుతో తీసిన కార్టూన్లలో ఈ తప్పు చూడొచ్చు. పాత్ర వెళ్లగానే గోడ ఒక్కసారి తేటపడుతుంది. సెల్‌లు ఎగుడుదిగుడుగా ఉంటే నీడలు పడతాయి కాబట్టి పైన అద్దం నొక్కి పెట్టేవారు. అద్దానికీ సెల్‌కీ మధ్య దుమ్ము చిక్కిందా, అది తెర మీద గోళీకాయంత. వాడిన సెల్‌లు చాలావాటిని కడిగి మళ్లీ వాడేవారు. మిగిలినవి తక్కువ కావడానికి అదొక కారణం.

రంగు చిత్రీకరణలో కార్టూన్లకు ఒక సౌలభ్యం ఉంది. 1932లో డిస్నీ 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' మూడు రంగుల టెక్నికలర్‌లో తీసి, 1935 దాకా కార్టూన్లలో ఆ పద్ధతి తనకొక్కడికే దక్కేలా ఒప్పందం చేసుకున్నాడు. అందుకే అప్పటి మిగతా స్టూడియోల రంగు కార్టూన్లు రెండు రంగులతోనే సరిపెట్టుకున్నాయి. నటులతో తీసే సినిమాకు మూడు నెగెటివ్‌లు ఒకేసారి నడిచే భారీ కెమెరా కావాలి. బొమ్మ కదలదు కాబట్టి ఒకే నలుపు తెలుపు ఫిల్ము మీద ఎర్ర, పచ్చ, నీలి ఫిల్టర్లు మారుస్తూ వరసగా మూడుసార్లు తీస్తే సరిపోయేది. ఏడు నిమిషాల కార్టూన్‌కు 30,240 ఎక్స్‌పోజర్లు, 1,890 అడుగుల నెగెటివ్. మూడింటి మధ్యలో సెల్ వెంట్రుకవాసి కదిలితే బొమ్మ అంచుల్లో రంగులు విడిపోతాయి. ఇందులో అనుకోని లాభం ఇప్పుడు తెలిసింది. మూడు విడి నెగెటివ్‌లైతే దశాబ్దాల్లో ఒక్కోటి ఒక్కోలా కుంచించుకుపోయి రంగులు కలవవు. ఒకే ఫిల్ము మీద పక్కపక్కనే ఉన్న మూడు ఫ్రేములు ఒకేలా కుంచించుకుపోతాయి. ఒరిజినల్ నెగెటివ్ దొరికిన పాత కార్టూన్లు ఇప్పుడు అంత తేటగా కనిపించడం అందువల్లే.

ఎవరు డబ్బిచ్చారు, ఎందుకు మానేశారు

ఇంత శ్రమకు టికెట్ కొన్నవాడు విడిగా ఒక్క సెంటు ఇవ్వలేదు. న్యూస్‌రీలు, షార్ట్ ఫిల్ము, కార్టూన్, అసలు సినిమా, అంతా ఒకే ప్రోగ్రాం. పెద్ద స్టూడియోలకు సొంత హాళ్లు ఉండేవి. మిగతా హాళ్లవాళ్లకు సినిమాలు గంపగుత్తగా అంటగట్టేవారు, కార్టూన్లూ షార్టులూ ఆ మూటలో భాగం. అద్దె తక్కువే అయినా ఏడాది పొడుగునా నికరంగా వచ్చేది. పారామౌంట్ కేసులో 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఈ గంపగుత్త అమ్మకాన్ని తప్పుపట్టి, స్టూడియోలు హాళ్లను వదులుకునే దారి తెరిచింది. ఇక హాలువాడు కార్టూన్‌కు విడిగా ధర చూశాడు. చూస్తే అక్కర్లేదనిపించింది.

అప్పటికే జీతాలు పెరిగాయి. ఫ్లైషర్ స్టూడియోలో 1937లో, డిస్నీలో 1941లో సమ్మెలు జరిగాయి. యూనియన్లు వచ్చాయి, రావాల్సినవే. మరోవైపు పాత కార్టూన్‌ను మళ్లీ విడుదల చేసినా కొత్తదానికి దగ్గరగా డబ్బు వస్తోందని ఎం.జి.ఎం. లెక్క తేల్చుకుంది. అయితే కొత్తది ఎందుకు? ఏడు ఆస్కార్లు తెచ్చిన టామ్ అండ్ జెర్రీ బృందం 1957లో వీధిన పడింది. వార్నర్ 1953లో త్రీడీ మోజులో కొన్ని నెలలు కార్టూన్ విభాగాన్ని మూసి, తెరిచి, 1963లో పూర్తిగా మూసేసింది.

హానా, బార్బెరా టీవీకి వెళ్లారు. శరీరం ఒక సెల్ మీద కదలకుండా ఉంచి, తల మరో సెల్ మీద, నోరు ఇంకో సెల్ మీద. యోగి బేర్ మెడలో కాలర్, టై ఎందుకున్నాయో ఇప్పుడు ఊహించొచ్చు. తల, మొండెం కలిసే అతుకును అవి దాస్తాయి. ఈ పొదుపు పద్ధతికి యు.పి.ఎ. స్టూడియోను తిట్టడం ఆనవాయితీ. అది సరికాదు. 1950లో 'జెరాల్డ్ మెక్‌బోయింగ్‌బోయింగ్' తీసినప్పుడు వాళ్లు తక్కువ కదలికను బొమ్మ అందం కోసం ఎంచుకున్నారు. ఏది కదలాలి, ఏది ఆగాలి అన్న లెక్క అందులోనూ పకడ్బందీగా ఉంది. టీవీ ఆ లెక్కను వదిలేసి పొదుపును మాత్రమే తీసుకుంది.

పూర్తి యానిమేషన్ చేసిన చేతులు మన దేశానికీ వచ్చాయి. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో ముంబై ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి అక్కడి కార్టూన్ విభాగానికి శిక్షణ ఇచ్చాడు. మరుసటి ఏడాది 'ది బన్యన్ డీర్' వచ్చింది.

ఇప్పుడు చూసేవాళ్లకు

చూస్తున్న కాపీ ఏదో తెలియకపోతే పై లెక్కలు తప్పుతాయి. వార్నర్ 1943 నుంచి పాత కార్టూన్లను 'బ్లూ రిబ్బన్' పేరుతో మళ్లీ విడుదల చేసినప్పుడు చాలావాటి అసలు టైటిళ్లు తీసేసి కొత్తవి అతికించింది. కొన్నిటి అసలు టైటిళ్లు, దర్శకుడి పేరుతో సహా, మళ్లీ దొరకనే లేదు. నల్లజాతివారిని కించపరిచే చిత్రణ కారణంగా పదకొండు వార్నర్ కార్టూన్లను 1968లో టీవీ ప్రసారం నుంచి తప్పించారు. టామ్ అండ్ జెర్రీలో పనిమనిషి పాత్ర ఉన్న సీన్లను టీవీ కోసం మార్చారు, కొన్నిచోట్ల గొంతు మార్చారు. కొన్ని డీవీడీల్లో మరకలు తుడిచే సాఫ్ట్‌వేర్ వేగంగా కదిలే సన్నని గీతల్ని కూడా మురికి అనుకుని చెరిపేసింది. పరిగెడుతున్న పాత్ర మీసాలు తెగిపోతూ కనిపిస్తే యానిమేటర్‌ను అనుమానించకండి.

వేగం సంగతి. మన దేశంలో అనలాగ్ టీవీ పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు నడిచింది. 24 ఫ్రేముల సినిమాను సాధారణంగా అలాగే 25 మీద తోలేస్తారు. ఏడు నిమిషాల కార్టూన్ 6 నిమిషాల 43 సెకన్లలో అయిపోతుంది, గొంతులూ వాద్యాలూ కొంచెం శ్రుతి పెరుగుతాయి. అలాంటి కాపీలో ఫ్రేములు లెక్కపెడితే సంఖ్య సరిగ్గానే వస్తుంది, గడియారం మాత్రం తప్పు. యూట్యూబ్‌లో 30 ఫ్రేములతో ఎక్కించిన కాపీలో ఇది తిరగబడుతుంది. గడియారం సరే, సంఖ్య తప్పు. అక్కడ వీడియో ఆపి, కీబోర్డు మీద కామా, ఫుల్‌స్టాప్ మీటలతో ఒక్కో ఫ్రేమూ వెనక్కీ ముందుకీ జరపొచ్చు. ముందు నేపథ్యం నిలకడగా పక్కకు జరిగే షాట్ ఒకటి వెతకండి. నాలుగు ఫ్రేములు కదిలి అయిదోది కదలకుండా నిలిచిందంటే ఆ అయిదోది అదనంగా చేర్చింది. అలాంటి కాపీలో కయోటీ పడటానికి మీకు 22, 23 ఫ్రేములు లెక్కకొస్తాయి. ప్రతి అయిదింటికి నాలుగే చొప్పున లెక్కేసుకుంటే 18 తేలుతుంది.